పడిశం మూడు నెలలైనా తగ్గకపోతే?

"డాక్టరుగారూ, నాకు సైనస్ ఉంది" అని మా ఓ.పి.లో చాలామంది చెబుతుంటారు. నిజానికి సైనస్‌లు అందరికీ ఉంటాయి. నుదుట, బుగ్గల్లో, కళ్ల మధ్య, ముక్కు వెనుక ఉండే నాలుగు జతల గాలి గదులే సైనస్‌లు. వాటి లోపలి పొర వాచి, ముక్కులోకి తెరుచుకునే సన్నని దారి మూసుకుపోతే వచ్చే జబ్బు సైనసైటిస్. ఇది 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాము.

ఏ క్రిములు కారణం?

మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది. 7 నుండి 10 రోజులలో దానంతటదే తగ్గుతుంది. దానికి యాంటిబయాటిక్ పనిచేయదు. 10 రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్లే తగ్గి మళ్లీ ఎక్కువైనా న్యుమోకాకస్, హీమోఫిలస్ వంటి బాక్టీరియా చేరి ఉండవచ్చు.

దీర్ఘకాలిక జబ్బులో స్టెఫిలోకాకస్ ఆరియస్, గాలి ఆడని చోట పెరిగే బాక్టీరియా ఎక్కువగా కనిపిస్తాయి. ఇదివరకే ఆపరేషన్ అయినవారిలో, ఎన్నోసార్లు యాంటిబయాటిక్స్ వాడినవారిలో సూడోమోనాస్ కూడా ఉండవచ్చు. ఇవి బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకొని అందులో దాక్కుంటాయి. మందు లోపలికి సరిగా చేరదు. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలతో ఈ జబ్బు పోదు. పైగా క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

* అలర్జీ, ఆస్తమా ఉన్నవారికి
* బీడీ, సిగరెట్టు, చుట్ట తాగేవారికి, ఆ పొగ పీల్చే ఇంటివారికి
* ముక్కు మధ్య గోడ వంకరగా ఉన్నవారికి, ముక్కులో కండ పెరిగినవారికి
* పై దవడ పళ్లు పుచ్చి చీము పట్టినవారికి (వీరికి తరచుగా ఒకవైపే నొప్పి, దుర్వాసన ఉంటాయి)
* షుగరు అదుపులో లేనివారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి

మనం ఏమి చేయాలి?

కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం మంచిది. కుళాయి నీరు నేరుగా వాడకూడదు. డాక్టరు స్ప్రే వ్రాస్తే వారాల తరబడి క్రమంగా వాడాలి. దిబ్బడ పోగొట్టే చుక్కలను మాత్రం ఐదు రోజులకు మించి వేసుకోవద్దు. తర్వాత దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. అవసరమైతే ఎండోస్కోపీతో ముక్కు లోపల చూసి, చీమును కల్చర్‌కు పంపి, తగిన మందు ఇస్తారు. మందులతో తగ్గనివారికి సి.టి. స్కాన్ తీసి ఆపరేషన్ అవసరమా అని నిర్ణయిస్తారు.

ఆలస్యం చేయకండి!

కన్ను వాచినా, చూపు మసకబారినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, భరించలేని తలనొప్పితో మెడ బిగుసుకున్నా ఆ రోజే ఆసుపత్రికి రండి. షుగరు ఉన్నవారికి ముఖం మొద్దుబారినా, ముక్కు నుండి నల్లని స్రావం వచ్చినా అది బాక్టీరియా కాదు, ఫంగస్ కావచ్చు. 2021లో కోవిడ్ తర్వాత ఈ బ్లాక్ ఫంగస్ మన రాష్ట్రాలలోనూ ఎందరికో కంటిచూపును, కొందరికి ప్రాణాన్నే పోగొట్టింది. వారిలో ఎక్కువమంది షుగరు ఉన్నవారే.

పడిశమే కదా అని నెలల తరబడి ఊరుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉంటే ముందుగా షుగరు, పళ్లు పరీక్ష చేయించండి. ఇంట్లో పొగ మాన్పించండి. సగం చికిత్స అక్కడే ఉంది.