జింకకు ఏ గుండు, అడవిపందికి ఏ గుండు: టెక్సస్ వేటలో చేయవలసినవి, చేయకూడనివి

టెక్సస్‌లో తెల్లతోక జింకల రైఫిల్ వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అడవిపందులకు సీజనంటూ లేదు, ఏడాది పొడుగునా వేటాడవచ్చు. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌ల చుట్టూ స్థిరపడిన మనవాళ్లలో ఆఫీసు మిత్రుల వెంట ర్యాంచికి వెళ్లి మొదటిసారి రైఫిల్ పట్టుకునేవాళ్లు ఉన్నారు. ఈ సూచనలు వాళ్ల కోసం. ఇండియాలో జింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాబట్టి ఇక్కడ రాసింది ఆంధ్ర, తెలంగాణ అడవులకు వర్తించదు.

కొత్తవాళ్లు షాపులో అడిగే మొదటి ప్రశ్న "అన్నిటికన్నా పవర్‌ఫుల్ ఏది?" అని. అది అడిగితే అమ్మేవాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. తెలుసుకోవలసింది వేరే ఉంది. జంతువు దగ్గరికి చేరేసరికి గుండుకు ఎంత వేగం మిగులుతుంది? ఆ వేగానికి అది విచ్చుకుంటుందా? విచ్చుకోని గుండు సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. గాయపడ్డ జింక పొదల్లోకి పారిపోయి గంటల తరబడి బాధపడి చస్తుంది. అవతలికి పోయిన గుండు ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

చేయవలసినవి

ముందు మీ దూరం తేల్చుకోండి, ఆ తర్వాతే గుండు కొనండి. జింక గుండె, ఊపిరితిత్తులు కలిపి సుమారు 8 అంగుళాల వెడల్పున ఉంటాయి. ఆ కొలత కాగితం ప్లేటు ఒకటి మేకుకు తగిలించి, బెంచీ మీద కాకుండా వేటలో కూర్చునే తీరులో కూర్చుని కాల్చండి. ప్రతి గుండూ ప్లేటులోనే పడే దూరం ఎంతో, అదే మీ హద్దు. చాలామంది కొత్తవాళ్లకు అది 100 గజాలు దాటదు. అందులో చిన్నతనమేమీ లేదు, ఎందుకంటే టెక్సస్ పొదల్లో జింకలు ఎక్కువగా ఆ దూరంలోనే కనిపిస్తాయి.

గుండు విచ్చుకోవడానికి ఎంత వేగం కావాలో కంపెనీ చెబుతుంది, అది చూడండి. సీసం నిండిన మామూలు సాఫ్ట్‌పాయింట్ గుండ్లలో చాలావాటికి సెకనుకు 1,800 అడుగుల వేగమైనా ఉండాలి. .308 విన్‌చెస్టర్ తీసుకోండి. 165 గ్రెయిన్ల గుండు, అంటే పదకొండు గ్రాములకు కాస్త తక్కువ, 2,700 అడుగుల వేగంతో బయల్దేరితే 300 గజాల దగ్గర ఇంకా 2,100 పైచిలుకు ఉంటుంది. 500 గజాలకు 1,800 దరిదాపులకు పడిపోతుంది. లివర్ రైఫిళ్లలో వాడే .30-30లో 170 గ్రెయిన్ల గుండు బయల్దేరడమే 2,200తో, 100 గజాలకు 1,900, 200 గజాలకు 1,600. ఈ గుండ్లను తక్కువ వేగానికి తగ్గట్టే చేస్తారు. అయినా 150 గజాల లోపలే దాన్ని వాడటం జింకకూ మీకూ మంచిది.

దూరం పెరిగితే గుండు కిందికి జారుతుంది. 100 గజాలకు గురి సరిచేసిన .308 గుండు 200కి దాదాపు 4 అంగుళాలు, 300కి 13-14 అంగుళాలు, 400కి రెండున్నర అడుగులు కిందికి దిగుతుంది. పక్కనుంచి గంటకు పది మైళ్ల గాలి వీస్తే 300 గజాల దగ్గర ఏడంగుళాలు పక్కకు పోతుంది. 8 అంగుళాల ప్లేటుతో పోల్చి చూసుకోండి. కాగితం మీది అంకెలు కంఠస్థం చేస్తే చాలదు, మీ రైఫిల్‌తో, మీరు కొన్న తూటాతో మైదానంలో కాల్చి చూసుకోవాలి. బ్రాండు మార్చినా, బరువు మార్చినా గురి మళ్లీ సరిచేసుకోవలసిందే.

పందికి గట్టి గుండు ఎంచుకోండి. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద మందపాటి పలకలాంటి గట్టి పొర ఉంటుంది, పైన బురద అట్టకట్టి ఉంటుంది. మెత్తటి గుండు దగ్గర దూరంలో అతివేగంతో తగిలితే భుజం ఎముక మీదే చితికి ముక్కలైపోతుంది, లోపలికి దిగదు. జాన్ నోస్లర్ అనే వేటగాడు 1946లో కెనడాలో మూస్ వేటకు వెళ్లినప్పుడు బురద పట్టిన తోలు మీద అతని గుండ్లు ఇలాగే విఫలమయ్యాయి. తిరిగివచ్చి, మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి తోసుకుపోతుంది. పార్టిషన్ పేరుతో దాన్ని నేటికీ అమ్ముతున్నారు. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ గుండ్లు, పూర్తి రాగి గుండ్లు కూడా పందికి బాగా పనికొస్తాయి. రాగి తేలిక కనుక అదే బరువు గుండు పొడుగ్గా ఉంటుంది. అందుకే సీసంలో 165 వాడేవాళ్లు రాగిలో 150కి దిగినా సరిపోతుంది.

పంది గుండె జింక గుండెకన్నా కిందికి, ముందుకు ఉంటుంది. జింకను కొట్టినట్టు భుజం వెనక కొడితే పొట్టలో తగులుతుంది. ముందుకాలి గీత వెంబడి, ఒంటి ఎత్తులో కింది మూడోవంతుకు గురిపెట్టండి.

సీసం గుండుతో కొట్టిన మాంసంలో గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి. కంటికి కనబడని సీసం తునకలు గాయానికి అంగుళాల దూరం దాకా చెదురుతాయి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఆ మాంసం తినేటట్టయితే రాగి గుండే వాడండి, ఖర్చు చూసుకోవద్దు. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం. పందిని కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, రక్తం నుంచి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు అంటుకోవచ్చు. మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి చేరేదాకా ఉడకాలి.

చేయకూడనివి

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకీ గానీ తూటా గానీ ముట్టకండి. వీసాదారుల దగ్గర తుపాకీ, తూటాలు ఉండటాన్నే ఫెడరల్ చట్టం నిషేధించింది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఇచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందులను వేటాడటానికి టెక్సస్ 2019 నుంచి లైసెన్స్ అడగడం లేదు. "పందులకే కదా, లైసెన్స్ అక్కర్లేదు, వచ్చేయ్" అని మిత్రుడు పిలుస్తాడు. సిటిజన్ అయిన అతనికి అది నిజమే. మీకు మాత్రం ఆ లైసెన్సే రక్షణ. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో ముగిసిపోతుంది, కాబట్టి సెప్టెంబరులో పాత లైసెన్స్ జేబులో పెట్టుకుని వెళ్లకండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉంది. అది మొక్కుబడిగా కాకుండా మనసుపెట్టి చేయండి.

.300 బ్లాకవుట్ తూటాలను, .223 తూటాలను ఒకే బల్ల మీద ఉంచకండి. పందుల వేటలో ఎక్కువగా కనిపించే ఏఆర్-15 రైఫిళ్లు ఈ రెండు రకాల్లోనూ వస్తాయి, మ్యాగజైన్లు కూడా ఒకటే. .300 తూటా .223 రైఫిల్‌లో ఒక్కోసారి సాఫీగా కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే లావుపాటి గుండు సన్నటి గొట్టంలోకి పోలేక తుపాకీ మొహం ముందే పేలిపోతుంది. మ్యాగజైన్లకు వేరువేరు రంగుల టేపు చుట్టండి. గొట్టం మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఉన్న పేరు ఒకటేనా అని ప్రతిసారీ చదవండి.

అదే .300లో శబ్దం తక్కువని సబ్‌సోనిక్ తూటాలు కొంటారు. అవి సెకనుకు 1,050 అడుగులకు మించవు. ఆ వేగంలో విచ్చుకునేలా ప్రత్యేకంగా చేసిన గుండు కాకపోతే వేటకు వాడకండి.

ఫుల్ మెటల్ జాకెట్ గుండుతో వేటాడకండి. చవక అని, ప్రాక్టీసులో మిగిలాయని వాడతారు. అది విచ్చుకోదు, ఒంట్లోంచి దూసుకుపోతుంది. పందులు గుంపుగా తిరుగుతాయి, వెనకున్న పందికీ గాయమవుతుంది. అలాగే చిన్నపాటి రిమ్‌ఫైర్ తూటాలతో జింకను కొట్టకండి, అది టెక్సస్‌లో చట్టవిరుద్ధం కూడా.

గొట్టం మ్యాగజైన్ ఉన్న లివర్ రైఫిల్‌లో మొనదేలిన లోహపు గుండ్లు నింపకండి. అందులో ఒక గుండు మొన ముందున్న తూటాను పేల్చే ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది, రైఫిల్ అదిరితే లోపలే పేలవచ్చు. మొన చదునుగా ఉన్నవి, లేదా ఈ రైఫిళ్ల కోసమే రబ్బరులాంటి మెత్తటి మొనతో చేసినవి వాడండి.

గట్టు మీద, ఆకాశం కనిపించేచోట నిలబడిన జంతువును కాల్చకండి. .30-06 గుండు రెండు మైళ్లు దాటి పోగలదు. వెనక మట్టిగోడో, వాలుగా ఉన్న నేలో ఉండాలి. రాత్రి థర్మల్ స్కోప్‌లో వేడి ఆకారమే కనిపిస్తుంది, దూరం తెలియదు, వెనకున్న ఇల్లు తెలియకపోవచ్చు, దూడ కూడా పందిలా కనిపించవచ్చు. పొలం ఎటువైపు ఏముందో పగలే నడిచి చూసిరండి.

వేటకు తీసుకెళ్లిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగుపొరలో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్‌లో ఎక్స్‌రేకు దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, విమానం తప్పుతుంది. తూటాల బ్యాగు గరాజ్‌లోనే, తాళం వేసిన పెట్టెలోనే ఉండనివ్వండి. జాకెట్ జేబులు కూడా తిరగేసి దులపండి.