మన పెద్దేరు, వాళ్ళ పెద్దేరు

అట్లాసులో కెనడా పేజీ తీయండి. పైన ఎడమపక్క మెకంజీ అనే నది ఉంటుంది. అది గ్రేట్ స్లేవ్ అనే సరస్సులో బయలుదేరి, 1,738 కిలోమీటర్లు పోయి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తుంది. 1789లో అలెగ్జాండర్ మెకంజీ అనే తెల్లాయన పడవల మీద దాని చివరిదాకా వెళ్ళాడు. దారి చూపించింది ఆదివాసులే, మ్యాపులో పేరు మాత్రం ఆయనది. అక్కడి డెనె ఆదివాసులు ఆ నదిని డెచో అంటారు. అంటే పెద్ద ఏరు అని అర్థం.

ఇది చదివి నేను గట్టిగా నవ్వేశాను. చోడవరంలో నర్సీపట్నం బస్సెక్కితే వడ్డాది దగ్గర మనం దాటేది పెద్దేరే కదా! అది మాడుగుల కొండల వైపు నుంచి వచ్చి శారదా నదిలో కలుస్తుంది. శారద అనకాపల్లి మీదుగా బంగాళాఖాతానికి పోతుంది.

మన పెద్దేరు ఎండల్లో ఇసక తేలుతుంది. వాళ్ళది చలికాలంలో గడ్డకట్టేస్తుంది. ఆ మంచు మీద లారీలు కూడా నడుస్తాయంట. నేను నమ్మలేదు, సోషల్ సారు బొమ్మ చూపించాక నమ్మేను. మే నెలలో మంచు విరుగుతుంది. ఆ నది ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఎగువన, అంటే దక్షిణాన, ముందు కరుగుతుంది. దిగువన ఇంకా గట్టిగానే ఉంటుంది. తూము దగ్గర కంపలు అడ్డం పడితే నీళ్ళు పొలంలోకి ఎలా ఎక్కుతాయో, అలాగే మంచుపెళ్ళలు అడ్డుపడి ఊళ్ళలోకి వరద వస్తుంది.

వేసవిలో పంటు మీద దాటతారు, చలికాలంలో మంచు మీద. మధ్యలో కొన్ని వారాలు పంటూ నడవదు, మంచూ ఆగదు. అప్పుడు అవతలి వాళ్ళు అవతలే. 2012లో ఫోర్ట్ ప్రావిడెన్స్ అనే ఊరి దగ్గర వంతెన కట్టారు. దానికి డెచో అనే పేరు పెట్టారు. ఇంకా దిగువన ఉన్న ఊళ్ళకి ఇప్పటికీ పంటూ, మంచుదారే.

అవతల ఉండిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఊరి గెడ్డకి వంతెన లేదు. వానల్లో మా పిన్నికి నొప్పులొస్తే అయ్యా, మామా డోలీ కట్టి తెచ్చారు. గెడ్డ పొంగి ఉంది. రాత్రంతా ఒడ్డునే కూర్చున్నాము. అమ్మ చీర అడ్డం పట్టింది, నేను టార్చి పట్టుకున్నాను. అక్కడే పురుడయింది. తమ్ముడు ఏడ్చేదాకా ఎవరమూ మాట్లాడలేదు. ఇప్పుడు వాడు పాకుతున్నాడు.

మేము దానిని పెద్దగెడ్డ అంటాము. నిజానికి అంత పెద్దదేం కాదు, మాకు పెద్దది. ఆఫీసు గదిలో ఉన్న మండలం మ్యాపులో దానికి సన్నటి నీలం గీత ఉంది, పేరు లేదు.

ఈ కాగితం కింద నాలుగు వేళ్ళంత ఖాళీ వదిలాను. మీ ఊరి గెడ్డ పేరు, వానాకాలంలో ఎన్నాళ్ళు దారి ఉండదో అందులో రాయండి. వార్డెన్ మేడమ్ గారు పెన్సిలుతోనే రాయమన్నారు.