మీ కాలికి స్పర్శ ఉందా?

మే నెల మిట్టమధ్యాహ్నం విశాఖపట్నం చేపలరేవులో సిమెంటు గట్టుమీద చెప్పులు లేకుండా అడుగు పెడితే ఏమవుతుంది? చుర్రుమంటుంది. మీరు ఆలోచించేలోగానే కాలు పైకి లేస్తుంది. దీన్ని అసంకల్పిత ప్రతీకార చర్య అంటారని మీరు పాఠంలో చదివే ఉంటారు. మరి ఆ వేడి కాలికి తెలియకపోతే? బొబ్బలెక్కినా మనిషి నడుస్తూనే ఉంటాడు. చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్న కొందరికి జరిగేది ఇదే.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నాడీ తంతువులూ, వాటికి రక్తాన్ని అందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. నడుము నుంచి కాలివేళ్ళ దాకా పోయే తంతువులు సుమారు మీటరు పొడవుంటాయి. శరీరంలో అన్నిటికంటే పొడవైనవి కనుక ముందుగా చెడేవి వాటి కొసలే. కొందరికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మంటలు పుడతాయి. మరికొందరికి ఏ బాధా లేకుండానే స్పర్శ పోతుంది. అసలు ప్రమాదం వీరికే. రేవు కార్మికుని చెప్పులోకి మేకు దిగినా, ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాని బూటులో ఇనుపముక్క పడినా తెలియదు. పుండు ముదిరితే వేలు, ఒక్కొక్కప్పుడు కాలే తీసివేయవలసి వస్తుంది. రక్తపరీక్ష చక్కెర ఎంతో చెబుతుంది గాని, కాలికి స్పర్శ ఉన్నదీ లేనిదీ చెప్పదు.

1923లో ప్రారంభమైన విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల విద్యార్థులు వాడడం నేర్చుకొనే పరికరాల్లో ఒకటి మీ బడి ప్రయోగశాలలోనూ ఉంటుంది. అదే శృతిదండం! సెకనుకు 128 సార్లు కంపించే దండాన్ని మోగించి, దాని కాడను రోగి కాలి బొటనవేలి ఎముకపై ఆనిస్తారు. కళ్ళు మూసుకొన్న రోగి “ఆగిపోయింది” అనగానే డాక్టరు దాన్ని తన వేలిపై ఆనించి చూస్తారు. అక్కడ ఇంకా చాలాసేపు కంపనం తెలుస్తూంటే రోగి నాడిలో లోపం ఉందని అనుమానించాలి.

ఇంకొకటి నైలాను పోగు. 10 గ్రాముల బరువంత ఒత్తిడికి వంగేటట్లు దాని మందం, పొడవు నిర్ణయిస్తారు. పోగు వంగేవరకు అరికాలిపై నొక్కి, తెలిసిందా అని అడుగుతారు. వంగిన తరువాత ఒత్తిడి ఇక పెరగదు కనుక ఎవరు నొక్కినా కొలత దాదాపు ఒకటే. ఎంత చవక సాధనం, ఎంత తెలివైన ఊహ! ఆనెకాయ మీద మాత్రం నొక్కరాదు.

పెద్ద ఆసుపత్రుల్లో యంత్రంతో నాడీ వేగాన్నే కొలుస్తారు. ఒకే నాడికి రెండు చోట్ల స్వల్పంగా విద్యుత్తు ఇచ్చి, కండరం స్పందించడానికి పట్టిన కాలాల తేడా చూస్తారు. ఆ చోట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, తేడా 6 మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 50 మీటర్లు. తేడా 10 మిల్లీసెకన్లయితే? లెక్క మీరే వేయండి. కాలి నాడిలో వేగం సాధారణంగా 40కి తగ్గరాదు.

ఏ సాధనమూ అక్కరలేని పరీక్ష కూడా ఉంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు దీన్ని 2011లో ప్రకటించారు. మధుమేహం ఉన్న మీ తాతయ్యనో, అమ్మమ్మనో కళ్ళు మూసుకోమనండి. రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు ఈక వాలినట్లు తాకండి. నొక్కకూడదు, నిమరకూడదు. తాకినప్పుడల్లా వారు చెప్పాలి. ఆరూ తెలిసినా ఏటా డాక్టరుకు పాదాలు చూపించుకోవలసిందే. ఆరింటిలో రెండో, అంతకంటే ఎక్కువో తెలియకపోతే మాత్రం ఆ ఏటి పరీక్షదాకా ఆగవద్దు. అరికాళ్ళలో పుండుగాని, బొబ్బగాని ఉందేమో అప్పుడే చూసి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరు దగ్గరకు పంపండి.