ముందు మీ జాబితా, తర్వాతే ఎయిర్‌బ్రష్

ఎయిర్‌బ్రష్ కొనాలనుకునేవారు మొదట అడిగేది "ఏది మంచిది?" అని. ఆ ప్రశ్న అడిగినంతకాలం జవాబు అమ్మేవాడి దగ్గరే ఉంటుంది. "నేను చేసే పనేంటి?" అని మిమ్మల్ని మీరు అడిగిన రోజున అది మీ చేతికొస్తుంది.

ఒక కాగితం తీసుకోండి. ఇప్పటిదాకా పూర్తిచేసిన స్కేల్ మోడళ్ల పేర్లు రాయండి. కింద, బీరువాలో పెట్టె విప్పకుండా ఉన్న కిట్ల పేర్లు రాయండి. ఏవి ఎక్కువున్నాయి? 1/72 యుద్ధవిమానాలా? 1/35 ట్యాంకులా? అద్దంలా మెరవాల్సిన 1/24 కార్లా? మీకేం కావాలో చెప్పేది ఆ జాబితాయే. ఎప్పుడో చేద్దామనుకుంటున్న అద్భుతాన్ని అందులో చేర్చకండి.

1/72 మెసర్‌ష్మిట్ యుద్ధవిమానం పక్కల మీద చిన్నచిన్న మచ్చలు దించాలంటే రంగు బయటికొచ్చే నాజిల్ 0.2 మిల్లీమీటర్లది బాగా ఉపయోగపడుతుంది. ట్యాంకుకు ప్రైమర్, కారు బాడీకి క్లియర్ కోట్ కొట్టాలంటే 0.5 హాయి. అన్నీ కొంతకొంత చేసేవారికి 0.3. కొత్తవాళ్లకు మనసు 0.2 మీదికే పోతుంది, గీత సన్నగా వస్తుందన్న ఆశతో. కానీ ఆ నాజిల్‌కు రంగు బాగా పలచగా ఉండాలి. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులైతే నీడిల్ కొన మీదే ఎండి దారి మూసేస్తాయి. చేయి ఇంకా కుదరనివారికి కూర్చున్న ప్రతిసారీ నిరుత్సాహమే మిగులుతుంది. మీ ఈరోజు స్థాయిని నిజాయితీగా ఒప్పుకోండి, 0.3తో మొదలుపెట్టండి.

రంగు కప్పు పైన ఉండే గ్రావిటీ ఫీడ్ రకమే మోడళ్లకు అనువు. తక్కువ గాలితో పనిచేస్తుంది, నాలుగు చుక్కల రంగున్నా సరిపోతుంది. ట్రిగ్గర్ మాత్రం డబుల్ యాక్షన్‌దే తీసుకోండి. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదట్లో సింగిల్ యాక్షన్ తేలిగ్గా అనిపిస్తుంది, నిజమే. కానీ గీత మధ్యలో రంగును పెంచి తగ్గించే అధికారం అది మీకివ్వదు. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, చివర గాలి. ఈ వరస వేలికి అలవాటయ్యేదాకా కాస్త ఓపిక పట్టాలి. ఆ ఓపిక మీది, దాన్ని ఏ కంపెనీ పెట్టెలో పెట్టి అమ్మదు.

ఇక నాణ్యత. పైన మెరిసే క్రోమ్ పూత చూసి తీర్పు చెప్పకండి. నీడిల్ బయటికి తీసి గాజు పలక మీద మెల్లగా దొర్లించండి, కొన వణికితే అది వంకర. భూతద్దంతో నాజిల్ రంధ్రం చూడండి, గుండ్రంగా, చీలిక లేకుండా ఉండాలి. ట్రిగ్గర్ లాగుతుంటే ఎక్కడా పట్టేయకూడదు. కప్పులో నీళ్లు పోసి స్ప్రే చేయండి, బుడగలు పైకి లేస్తే నాజిల్ దగ్గర గాలి లీకవుతున్నట్టే. లోపలి సీళ్లు టెఫ్లాన్‌వా, మామూలు రబ్బరువా అని అడగండి. లాకర్ థిన్నర్‌కు మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: ఈ నీడిల్, ఈ నాజిల్ రెండేళ్ల తర్వాత కూడా విడిగా దొరుకుతాయా? ఎక్కువగా అరిగేవి, వంగేవి ఆ రెండే. జపాన్ ఇవాటా, జర్మనీ హార్డర్ అండ్ స్టీన్‌బెక్, అమెరికా బ్యాడ్జర్ వంటి కంపెనీలకు పేరు రావడానికి విడిభాగాలు అమ్మడం కూడా ఒక కారణం. హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఎవల్యూషన్‌లో వేర్వేరు కొలతల నాజిళ్లు రెండు కలిపి వచ్చే సెట్టుంది. పని రెండు రకాలుగా ఉన్నవారు దాన్ని ఆలోచించవచ్చు. "కొత్త మోడల్ వచ్చింది" అన్న మాటకు మాత్రం కంగారుపడకండి. 1890లలో చార్లెస్ బర్డిక్ రూపుదిద్దిన ఎయిర్‌బ్రష్‌లోని మూలసూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. మంచిది ఒకటి కొని జాగ్రత్తగా చూసుకుంటే దశాబ్దాలు వస్తుంది.

డబ్బంతా బ్రష్ మీదే పెట్టేయకండి. గాలి ట్యాంకు లేని చౌక కంప్రెసర్‌తో గాలి దడదడలాడుతూ వస్తుంది, అలాంటి గాలితో ఎంత ఖరీదైన బ్రష్ అయినా సరైన గీత గీయలేదు. గాలి నిల్వ ట్యాంకు, ప్రెషర్ రెగ్యులేటర్, నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ మూడూ ఉండాలి. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవారికి ఈ మూడోది తప్పనిసరి. అక్కడి తేమ గొట్టంలో నీటి చుక్కై, మంచి పూత మధ్యలో పడుతుంది. మామూలు పనికి 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. లాకర్ రంగులు వాడేవారు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనాలి, కిటికీ తెరవాలి. ఇక్కడ పొదుపు చేయకండి, ఆరోగ్యం మోడల్ కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

కొన్న తర్వాత మీ స్వభావానికి పరీక్ష మొదలవుతుంది. పని అయిపోగానే అలసటగా ఉంటుంది, రేపు కడుగుదాంలే అనిపిస్తుంది. రాత్రికి రాత్రే రంగు లోపల గట్టిపడుతుంది. అందుకే రంగు మార్చిన ప్రతిసారీ తగిన థిన్నర్‌తో కప్పు శుభ్రం చేయండి. లేవబోయే ముందు నీడిల్ తీసి తుడవండి. ఎప్పుడూ వెనక నుంచి కొన వైపుకే తుడవాలి, ఎదురు తుడిస్తే కొన వంగుతుంది. బ్రష్ మొత్తాన్ని క్లీనర్‌లో నానబెట్టకండి, అమ్మోనియా ఉన్న ద్రవంలోనైతే అసలే వద్దు. ఈ కొద్ది నిమిషాల పనికి బద్ధకించేవారికి పదివేల రూపాయల బ్రష్ అయినా, వెయ్యి రూపాయల బ్రష్ అయినా కొన్ని నెలల్లో ఒకటే.

ఇంటికి తెచ్చిన రోజున కిట్ ముట్టుకోకండి. పాలంత పలచగా కలిపిన రంగుతో పాత కాగితం మీద చుక్కలు పెట్టండి, ఆ చుక్కల్ని గీతలతో కలపండి. తర్వాత ప్లాస్టిక్ చెంచాల వీపు మీద సమంగా పూత వేయడం సాధన చేయండి. కావాల్సిన చోట చుక్క పడటం మొదలయ్యాక, బీరువాలోంచి మీ జాబితాలోని తేలికైన కిట్ ఒకటి తీయండి.