కంచం మీద నమ్మకం

తెనాలి

చి.ల.సౌ. అమ్మలుకు,



ఫోన్లో నువ్వడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను: వద్దు. రెండు పూటలు కడుపు మాడిస్తే మీ అబ్బాయే దారికొస్తాడని బాపట్ల పెళ్ళిలో చుట్టాలు చెప్పిన పని మాత్రం చేయకు. కొందరు పిల్లల దగ్గర ఆ మాట చెల్లుతుందేమో. మీవాడిలా ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది పడనిది తినడం కంటే పస్తుండటానికే సిద్ధపడతారు. ఆకలి ముదిరేకొద్దీ చిరాకు పెరిగి, రోజూ తినేదాన్ని కూడా తోసేస్తారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెబుతూ ఉద్యోగమంతా గడిపినదాన్ని, చూసే చెబుతున్నాను.

సంక్రాంతి వెళ్ళాక ఉన్నట్టుండి పెరుగన్నం మానేశాడని మీ అత్తగారు ఒకటే బాధపడ్డారు కదా. నేను రేపల్లె వచ్చినప్పుడు వాడి పక్కనే కూర్చుని గమనించాను. ముద్ద నోటిదాకా పోలేదు. రెండు మెతుకులు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. అవి జిగురుగా వేలికి అంటుకున్నాయి. వేళ్ళు చొక్కాకు తుడుచుకుని లేచిపోయాడు. అడిగితే తేలిందేమిటంటే, ఆ వారమే మీ ఇంట్లో పాత బియ్యం అయిపోయి, పొలం నుంచి వచ్చిన కొత్త బియ్యం మొదలుపెట్టారు. రెండూ సాంబమసూరే. మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204. కానీ పాతవి వండితే మెతుకు మెతుకూ విడివిడిగా ఉంటుంది, కొత్తవి ముద్దవుతాయి. మనమైతే ఎసట్లో నీళ్ళు కాస్త తగ్గించి ఊరుకుంటాం. వాడి నాలుకకు అది వేరే పదార్థం. తెలిసిన కంచంలో తెలియని వస్తువు వచ్చి కూర్చుంది.

ఇందులో వాడి మొండితనం లేదు, నీ పెంపకంలో లోపం లేదు. వాసన, మెత్తదనం, వేడి, చప్పుడు ఇలాంటి పిల్లలకు మనకంటే బాగా ఎక్కువగానో తక్కువగానో తెలుస్తాయి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే రోగ నిర్ధారణ పుస్తకంలో ఈ తేడాను ఆటిజం లక్షణాల్లోనే చేర్చారు. అర్ఫిడ్ అనే పేరు వచ్చింది కూడా ఆ పుస్తకంతోనే. లావైపోతామన్న బెంగ ఏమీ లేకుండానే, పదార్థం తీరు పడకో, గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతోనో, తిండి మీద ధ్యాసే లేకనో తినడం బాగా తగ్గిపోయి ఒంటికి చేటు చేస్తే దాన్ని అర్ఫిడ్ అంటారు. మీవాడికి అది ఉందో లేదో తేల్చవలసింది డాక్టరు. నువ్వూ నేనూ కాదు.

పండు వద్దని బిస్కెట్ ఎందుకడుగుతాడో ఆలోచించావా? ఒక జామకాయ తియ్యగా ఉంటుంది, ఇంకోటి వగరు. నిన్నటి అరటిపండు గట్టిగా ఉంది, ఇవాళ్టిది మచ్చలు పడి మెత్తబడింది. మేరీ బిస్కెట్ మాత్రం నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. వాడు వెతుక్కునేది ఆ భరోసానే.

ఇంట్లో ఏం చేసినా, ముందు పిల్లల డాక్టరుకు చూపించు. మలబద్ధకం, పుచ్చిపన్ను, పుల్లటి త్రేన్పులు, నమలడంలో ఇబ్బంది, వీటిలో ఏది ఉన్నా పిల్లాడు నోటితో చెప్పలేక కంచంతో చెబుతాడు. రక్తం, ఇనుము, విటమిన్లు చూడమని అడుగు. తెల్లటి తిండి మీదే బతికే పిల్లల్లో విటమిన్ సి లేక స్కర్వీ వచ్చి, కాళ్ళ నొప్పులతో నడక మానేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మట్టి, సుద్దముక్క, బియ్యం గింజలు తింటుంటే అదీ చెప్పు. ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందులు మధ్యాహ్నం ఆకలిని చంపేస్తాయి. ఆ మందులు వాడే పిల్లలకు పొద్దున్న మందు పడకముందూ, రాత్రీ కాస్త ఎక్కువ పెట్టుకోవాలి. బరువు తగ్గుతున్నా, తినేటప్పుడు పొలమారుతున్నా, దగ్గుతున్నా, తినే కొద్ది పదార్థాల్లో ఒక్కొక్కటే రాలిపోతున్నా రేపు మాపు అనకుండా తీసుకెళ్ళు.

రేపల్లె 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా కిందికి వచ్చింది గనుక వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లాంటి కాగితాలు అక్కడి నుంచే కదలాలి. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపించి, ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రానికి, అదే డీఈఐసీకి, రాయించుకో. మింగడం, నమలడం స్పీచ్ థెరపిస్టు చూస్తారు. వాసనా స్పర్శా పడకపోవడం ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా కట్టించుకో. లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులకూ పనికొస్తుంది.

ఇక ఇంటి సంగతి. వాడు తినే ఏడెనిమిది పదార్థాలూ కాలవ గట్టు లాంటివి. గట్టు మీద కాళ్ళు ఆనినవాడే నీళ్ళలోకి ఒక కాలు చాపి చూస్తాడు. అందుకే ప్రతి పూటా కంచంలో వాడికి తెలిసినది ఒకటైనా ఉండి తీరాలి, కడుపు నిండేంత ఉండాలి. కొత్తది పెట్టాలనుకుంటే పక్కన చిన్న గిన్నెలో, చెంచాడు మాత్రం పెట్టు. అన్నంలో కలపకు. "ఒక్క ముద్ద, మా నాన్న కదూ" అని బతిమాలకు. తింటే చప్పట్లు కొట్టకు, తినకపోతే మొహం ముడుచుకోకు. గిన్నెను చూశాడా, సరే. వాసన చూశాడా, ఇంకా మంచిది. నాలుకకు తాకించి ఉమ్మేశాడా, ఆ రోజుకు అదే ఎక్కువ. తెలిసినదాని నుంచి పక్కదానికి జరగాలి: గుండ్రటి ఇడ్లీ నుంచి బుల్లి ఇడ్లీకి, దాని నుంచి అదే పిండితో మెత్తటి దిబ్బరొట్టెకు. నెలలు పడుతుంది. పట్టనీ.

ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని అంటుంది ఎలిన్ సాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు. మీవాడిలాంటి పిల్లల విషయంలో దీనికి ఒకటి కలుపుకోవాలి. చాలామందికి లోపల ఆకలి వేస్తున్నట్టే తెలియదు. ఆకలైతే అడుగుతాడులే అని కూర్చుంటే సాయంత్రమైపోతుంది. వేళకు పిలువు. పిలిచేముందు బొమ్మల కాగితమో, గోడ గడియారమో చూపించు.

కూర్చునే చోటు కూడా చూడు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే నమలడం మీద నిలకడ ఉండదు. పాదాల కింద పీట వెయ్యి. మిక్సీ ఆగాక పిలువు. నిజాంపట్నం నుంచి చేపలొచ్చి పులుసు కాగుతున్న రోజున వాడికి వసారాలో పెట్టు. స్టీలు కంచం చప్పుడు పడకపోతే అరిటాకు వెయ్యి.

ఒక్కటి మాత్రం ఒట్టు పెట్టుకో: మోసం చేయొద్దు. పెరుగన్నంలో మాత్ర పొడి, ఇడ్లీపిండిలో క్యారెట్ తురుము, "చూడు చూడు కాకి" అంటూ నోట్లో కూర ముద్ద. ఒకసారి పట్టుకున్నాడంటే పోయేది క్యారెట్ కాదు, ఇడ్లీ పోతుంది. ఉన్న ఏడెనిమిదిలో ఒకటి తగ్గుతుంది. మందు ఇవ్వాలంటే మందని చెప్పే ఇవ్వు. చేతులు పట్టుకుని, ముక్కు మూసి పోయడం అసలే వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పాలూ గోధుమా మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని ఎవరో వీడియో పంపారన్నావు. అలా తగ్గుతుందని గట్టి ఆధారం లేదు. పెరుగన్నం, బిస్కెట్ మీద నడుస్తున్న పిల్లాడికి అవే తీసేస్తే మిగిలేదేమిటి? పరీక్ష చేసి అలర్జీ ఉందని డాక్టరు చెబితే తప్ప ఒక్కటి కూడా మానిపించకు.

బడిలో మాట్లాడటానికి మొహమాటపడకు. డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనంలో గుడ్డూ, రాగిజావా, చిక్కీ అన్నీ మంచివే, కానీ వాడికి పడనివి. డబ్బా పంపిస్తానని, తినమని బలవంతపెట్టొద్దని, వరసలో అందరి మధ్యా కాకుండా చివర్లో కూర్చోనివ్వమని హెడ్‌మాస్టారికి కాగితం రాసివ్వు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. పిల్లాడి అవసరానికి తగిన సర్దుబాటు చేయడం బడి బాధ్యతని ఆ చట్టమే చెబుతోంది. మండలంలో భవిత కేంద్రం టీచరును వెంటబెట్టుకుని వెళ్ళు, మాట తేలికగా సాగుతుంది.

పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు ఇంట్లోనే తినిపించి బయల్దేరు. తెనాలి రైలెక్కినా, బాపట్ల వెళ్ళినా సంచిలో వాడి డబ్బా ఉండాలి. బంతిలో కూర్చోబెట్టి వాడి విస్తరి గురించి పదిమందీ మాట్లాడే సందర్భం రానివ్వకు.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. ఉగ్గుగిన్నెతో ఒళ్ళో పడుకోబెట్టుకుని నలుగురు బిడ్డల్ని పెంచిన మనిషి. మనవడు తినకపోతే ఆవిడకు ముద్ద దిగదు. ఈ ఉత్తరం చదివి వినిపించు. మినుములు బాగుచేసేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమను. గింజలు తాకడం, వేరుచేయడం వాడికిష్టం. తినమనకుండా తిండి వస్తువులతో గడిపే పొద్దు వాడికి ఎంతో మేలు.

ఈ వారం చేయవలసింది ఇంతే. కొట్లో పాత బియ్యం ఒక బస్తా వేయించు. ఒక నోటుపుస్తకంలో ఏ పూట ఏం తిన్నాడు, ఏది ఎలా ఉంటే వదిలేశాడు రాస్తూ ఉండు. డాక్టరుకు అదే చూపిద్దువుగాని. నువ్వు కూడా వేళకు తిను, వాడి కంచం కడిగాక కాదు, వాడితోపాటే. ఎవరైనా వచ్చి "ఇంకా ఆ పెరుగన్నమేనా?" అంటే, "అవునండీ, కడుపు నిండా తింటున్నాడు" అని చెప్పి మాట మార్చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పిన్ని