కంచం వేరు పెట్టాలా?

క్షయ (టీబీ) అని తేలిన రోగి వెంట వచ్చినవారు మమ్మల్ని మొదట అడిగేది మందుల గురించి కాదు. "సిస్టరమ్మా, కంచం, గ్లాసు వేరు పెట్టాలా?" అని అడుగుతారు. కొందరు అదీ అడగరు. కోడలిని పుట్టింటికి పంపేసి తర్వాత మాకు చెబుతారు. అందుకే ఈసారి ఈ విషయం తీసుకున్నాము.

ఒకప్పుడు పెద్ద డాక్టర్లు కూడా రోగిని దూరంగా ఉంచమనే చెప్పేవారు. మందులు లేని కాలంలో శానిటోరియంలో నెలల తరబడి మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇదే వైద్యం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు మీ ఇళ్లలో పెద్దవారు వినే ఉంటారు. మందులు వచ్చాక కూడా చిక్కు తీరలేదు. రోగులు ఎక్కువ, మంచాలు తక్కువ. మరి ఇంట్లోనే ఉంచి మందులిస్తే నయమవుతుందా? ఇంటిల్లిపాదికీ అంటదా?

ఇది తేల్చడానికి 1956లో మద్రాసులో పరిశోధన మొదలుపెట్టారు. పేద కుటుంబాల రోగులను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. సగం మంది శానిటోరియంలో, సగం మంది తమ ఇరుకిళ్లలోనే ఉన్నారు. అందరికీ ఏడాదిపాటు అవే మందులు. ఇంట్లో ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా 1959లో ఫలితాలు వెలువడినప్పుడు ఇద్దరి మధ్య పెద్ద తేడా కనబడలేదు. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబానికి అదనంగా జబ్బు అంటలేదని కూడా తేలింది. ఈనాడు మనం రోగిని మందులతో ఇంటికి పంపుతున్నామంటే ఆ రోగుల పుణ్యమే.

కాబట్టి కంచం వేరు అక్కరలేదు. క్షయ దగ్గు, తుమ్ముల వల్ల గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోండి, కిటికీలు తెరవండి, ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, పరీక్ష చేయించండి. సరైన మందులు పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. మందులకు లొంగని రకమైతే జాగ్రత్తలు వేరు, అవి డాక్టరుగారు చెబుతారు.

ఒక ఆటో డ్రైవర్ సంగతి చెప్పాలి. మందులు మొదలుపెట్టిన వారానికే మానేసి, దగ్గు ముదిరాక మళ్లీ వచ్చాడు. ఎందుకు మానావయ్యా అంటే, మూత్రం ఎర్రగా వస్తుంటే రక్తమనుకుని భయపడ్డానన్నాడు. అది రిఫాంపిసిన్ రంగు. ముందే చెప్పకపోవడం మా తప్పే. ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాము. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే రండి. దగ్గు తగ్గిందని ఆరు నెలల కోర్సు మధ్యలో ఆపకండి.

మద్రాసు పరిశోధన చూసి తిండితో పనిలేదనుకోవద్దు. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పు అదనంగా ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ వచ్చేవారు సుమారు 40 శాతం తగ్గారని 2023లో ప్రకటించారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు కూడా తక్కువే. అందుకే మీరు వచ్చిన ప్రతిసారీ మిమ్మల్ని బరువు మిషన్ ఎక్కిస్తాము, విసుక్కోకండి. పోషణ కోసం ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది కాబట్టి పాస్‌బుక్, ఆధార్ కార్డు తెచ్చుకోండి.