‘మాద్దా’ : ఒకే పదం, పలు అర్థాలు

తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రాడు ఓ రోజు అసర్ నమాజు తర్వాత నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. “మౌలానా! పదార్థాన్ని ఎవరూ పుట్టించలేరు, నశింపజేయలేరు అని మా సైన్సు పుస్తకంలో ఉంది. పుట్టనిదైతే అది ఎప్పటి నుంచో ఉన్నట్టే కదా! మరి అల్లాహ్ సృష్టించాడని మీరంటారు. ఏది నిజం?” అని అడిగాడు. పక్కనే ఉన్న తండ్రి “నోర్ముయ్! ఇలాంటివి అడక్కూడదు” అని కసిరాడు. నేను ఆయన్ని వారించాను. ఎందుకంటే ఇది మన పండితులు శతాబ్దాల పాటు చర్చించిన ప్రశ్న.

మదరసాలో ఏ అంశాన్నయినా రెండు మెట్లలో బోధిస్తారు. ముందు భాషాపరమైన అర్థం (లుగవీ మానా), తర్వాత పారిభాషిక అర్థం (ఇస్తిలాహీ మానా). మనమూ అలాగే వెళదాం.

భాషాపరంగా

పదార్థాన్ని ఉర్దూలో, అరబీలో ‘మాద్దా’ అంటారు. దీని మూలం ‘మద్ద్’. సాగదీయడం, అందించడం అని దాని అర్థం. మనం రోజూ వాడే ‘మదద్’ (సహాయం) కూడా ఈ మూలం నుంచే వచ్చింది. అంటే ఒక వస్తువు తయారవడానికి లోపలి నుంచి అందే సరుకు మాద్దా. తెలుగులో ‘పదార్థం’ అంటే అక్షరాలా ‘పదానికి అర్థం’. తర్కశాస్త్రంలో పదంతో సూచించదగిన ప్రతిదీ పదార్థమే. వాడుకలో మాత్రం తినే వస్తువు మొదలు ఇనుము దాకా అన్నింటికీ ఆ మాట చెల్లుతోంది.

పారిభాషికంగా

1. వ్యాకరణంలో: పదం మూలాక్షరాలను మాద్దా అంటారు. కాఫ్, తా, బా అనే మూడక్షరాల నుంచి కితాబ్ (గ్రంథం), కాతిబ్ (రాసేవాడు), మక్తబ్ (బడి) వచ్చాయి. అక్షరాలు అవే, అచ్చు మారింది.

2. చట్టంలో: ఒక్కొక్క నిబంధనను మాద్దా అంటారు. ఉస్మానీ ప్రభుత్వం 1869-1876 మధ్య రూపొందించిన ‘మజల్లా’ అనే చట్ట సంపుటిలో 1851 మాద్దాలున్నాయి.

3. వాడుకలో: “అతనిలో సబ్ర్ మాద్దా ఉంది” అంటే ఓర్చుకునే శక్తి ఉందని భావం. పుండులోని చీమును ‘ఫాసిద్ మాద్దా’ అంటారు.

4. తత్వశాస్త్రంలో: అరిస్టాటిల్ దీన్ని ‘హ్యూలే’ అన్నాడు. గ్రీకులో ఆ మాటకు కలప అని అర్థం. అదే అరబీలో ‘హయూలా’ అయింది. కలప బల్ల కావచ్చు, తలుపు కావచ్చు. కలప మాద్దా, బల్ల ఆకారం ‘సూరత్’. ఇబ్నె సీనా (980-1037) ఈ మార్గాన్నే అనుసరించాడు. కలామ్ పండితులు దీన్ని ఒప్పుకోలేదు. వస్తువులు ఇక విభజించ వీల్లేని సూక్ష్మ భాగాలతో (జౌహర్) ఏర్పడ్డాయని, రంగు, వేడి, కదలిక లాంటివి వాటి మీద వచ్చిపోయే గుణాలని (అరజ్) అత్యధికులు చెప్పారు.

దర్సె నిజామీలో చదివే ‘హిదాయతుల్ హిక్మా’లో దీనికి ఒక ఖండన ఉంది. రెండు భాగాల మధ్య మూడో భాగాన్ని ఉంచండి. అది ఆ రెండూ తాకకుండా అడ్డుకుంటే దాని ఈ వైపు వేరు, ఆ వైపు వేరు. రెండు వైపులున్నాయంటే విభజించవచ్చన్న మాటే కదా! ఈ వాదన మీద విద్యార్థులు రాత్రి పొద్దుపోయే దాకా తర్కించుకుంటారు.

5. విజ్ఞానశాస్త్రంలో: ద్రవ్యరాశి ఉండి, చోటు ఆక్రమించేది పదార్థం. ఘన, ద్రవ, వాయు స్థితులతో పాటు నాలుగోది ప్లాస్మా. సూర్యుడు ఆ స్థితిలోనే ఉన్నాడు. ఇప్పటి వరకు 118 మూలకాలు తెలిశాయి. అయితే మనకు తెలిసిన ఈ పదార్థమంతా కలిపినా విశ్వంలో సుమారు 5 శాతమేనని నేటి ఖగోళ శాస్త్రజ్ఞుల అంచనా.

కుర్రాడి ప్రశ్న

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అతని పుస్తకం తెరిపించి చూశాం. “రసాయన చర్యలో” అనే మాట అక్కడ ఉంది. కుర్రాడు దాన్ని వదిలేశాడు! లవోయిజే 1789లో చెప్పిన నియమం ఇది. మూసిన పాత్రలో చర్య జరిగితే ముందూ తర్వాతా బరువు సమానం. ఆ పాత్ర, అందులోని పదార్థం అసలు ఎలా వచ్చాయన్నది ఆ నియమం చెప్పే విషయం కాదు. 1905లో ఐన్‌స్టీన్ ద్రవ్యరాశికీ శక్తికీ ఉన్న సమానత్వాన్ని చూపాడు. సూర్యునిలో క్షణానికి 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశి వెలుగుగా, వేడిగా మారిపోతోంది.

మరొక సూక్ష్మం. “ఎప్పటి నుంచో ఉంది” అనడం వేరు, “దేని మీదా ఆధారపడలేదు” అనడం వేరు. ఇబ్నె సీనా మొదటిది ఒప్పుకున్నాడు, రెండోది ఒప్పుకోలేదు. లోకం అనాది అయినా దాని ఉనికి దేవుని నుంచే అన్నాడు. ఇమామ్ గజాలీ (రహ్మ) సుమారు 1095లో ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ రాసి, ఇరవై అంశాల్లో మొట్టమొదట లోకం అనాది అన్న వాదననే ఖండించారు. ఇబ్నె రుష్ద్ (1126-1198) దానికి జవాబు రాశాడు. ప్రశ్నను వారెవరూ కసిరి ఊరుకోలేదన్నది గమనార్హం.

రెండు జాగ్రత్తలు

మొదటిది, దివ్యఖుర్‌ఆన్‌లోని ‘జర్రా’ అనే మాటను పట్టుకుని “చూశారా, పరమాణువు గురించి ఆనాడే చెప్పారు” అనే తొందర వద్దు. అరబీ నిఘంటువుల్లో జర్రా అంటే చిన్న చీమ, లేదా ఎండ పొడలో కనబడే దుమ్ము కణం. అతి స్వల్పమైన కర్మ కూడా లెక్కకు వస్తుందన్నది అక్కడి బోధ.

రెండోది, ‘మాద్దా పరస్తీ’ (భౌతికవాదం) అనే నిందను ఎవరికి పడితే వారికి అంటగట్టకూడదు. పదార్థం తప్ప మరేదీ లేదనడం ఒక తాత్విక వాదం. డబ్బే సర్వస్వం అనుకోవడం ఒక నడవడి. పదార్థాన్ని పరిశీలించడం ఒక విద్య. ఈ మూడూ ఒకటి కావు. ప్రయోగశాలలో కూర్చున్న పిల్లవాడు మొదటి రెండింటిలో దేనికీ చెందడు.

ఒకే పదానికి పలు అర్థాలుంటే దాన్ని ‘ముష్తరక్’ అంటారు. ఒక అర్థంలో మొదలుపెట్టి మరో అర్థంలో ముగిస్తే వాదన చెడిపోతుంది. కనుక మీ పిల్లలు ఇలాంటి ప్రశ్న తెస్తే కసరకండి. “ఈ మాట ఏ అర్థంలో వాడారు? పుస్తకంలో వాక్యం పూర్తిగా ఏముంది?” అని కలిసి కూర్చుని చూడండి. నోరు మూయించిన ప్రశ్న పోదు, మనసులో పుండై కూర్చుంటుంది. అప్పుడది నిజంగానే ఫాసిద్ మాద్దా అవుతుంది.